స్టీలు జొన్నచేనుకు గాలి విసిరిన వీరభద్రం

వరంగల్ స్టేషన్ రోడ్డులో ఫ్యాన్లూ కూలర్లూ అమ్మే వీరభద్రానికి ఒక జబ్బుంది. ఎదుటివాడు తన కష్టం పూర్తిగా చెప్పకముందే "నేను చూసుకుంట, నువ్వు ఫికర్ జెయ్యకు" అనేస్తాడు. ఆ మాట అన్నాక గానీ కష్టమేమిటో వినడు. విన్నాక, అది తనవల్ల అయ్యే పని కాదని అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. కానీ అప్పటికే ఎదుటివాడు నిశ్చింతగా కూర్చుని టీ తాగుతూ ఉంటాడు. ఆ నిశ్చింతను చెడగొట్టడానికి వీరభద్రానికి మనసొప్పదు.

తన జబ్బు తనకు తెలియక కాదు. దుకాణంలో గిరాకీ లేనప్పుడు తనమీద తానే చెప్పుకొని నవ్వడం అతనికి అలవాటు. గోడమీద బల్లి కనిపిస్తే బయట నిలబడేవాడికి ఇంత పెద్ద పేరు పెట్టి తండ్రి చాలా పొరపాటు చేశాడని, ఆ పేరును నిలబెట్టే ప్రయత్నంలోనే తన బతుకంతా ఇట్లా తయారైందని చెప్పేవాడు. ఆ తండ్రి గిర్మాజీపేటలో మంచాలకు నవారూ, కొబ్బరితాళ్లూ అమ్మేవాడు. మడత మంచాలు వచ్చి నవారు బేరం పడిపోతే, కొడుకు ఫ్యాన్లలోకి దిగాడు. నవారు లేకున్నా మనిషి పడుకుంటాడు గానీ గాలాడకపోతే పడుకోలేడని అప్పట్లో అతనికి తోచింది. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో తనకు తోచిన మంచి ఆలోచన అదొక్కటేనని అతనే ఒప్పుకుంటాడు.

దానికి సాక్ష్యంగా పెళ్లినాటి సంగతి చెబుతాడు. భార్య శోభారాణిది పరకాల దగ్గర పల్లె. పెళ్లైన మర్నాడే అల్లుడు మామగారికి ఒక సీలింగు ఫ్యాను కానుకగా ఇచ్చి, మనిషిని పిలుస్తామంటే వినకుండా తానే బిగించాడు. వైర్లు ఎక్కడ తారుమారయ్యాయో, ఫ్యాను వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. కింద కూర్చున్న మామకు చెమటలు పడుతున్నాయి. "ఇది కొత్త మోడల్ మామా, ముందుగాల వేడినంత మీదికి గుంజుతది, ఎనక సల్లగాలి ఇడుస్తది" అన్నాడు వీరభద్రం. కొత్త అల్లుడి మాట కాదనలేక ఆ పెద్దాయన సాయంత్రం దాకా ఆ ఫ్యాను కిందే, చేత్తో విసనకర్ర పట్టుకొని విసురుకుంటూ కూర్చున్నాడు.

వీరభద్రం దుకాణం పక్క షట్టరులో జానీ మియా మోటార్లకు రాగితీగ చుట్టలు చుడతాడు. కాలిపోయిన ఫ్యాను ఏదైనా అతని దగ్గరికే పోతుంది. ఇద్దరూ ఒకే కెటిల్లో టీ తెప్పించుకుంటారు, ఒకరి తెలివితక్కువతనానికి ఇంకొకరు కాపలా కాస్తారు. అయితే వీరభద్రం ఏ గోతిలో దిగినా, వద్దని చెప్పాల్సిన జానీ మియా కూడా వెనకాలే దిగుతాడు. పైన ఒక్కణ్ణీ ఉండి ఏం చేయాలని అతని వాదన.

ఆ సంవత్సరం జూను మొదట్లో, హన్మకొండ శివార్లలోని బొటానికల్ గార్డెన్‌లో కదిలే శిల్పాలు పెడుతున్నారని ఊరంతా ఫ్లెక్సీలు వెలిశాయి. గాలికి తిరిగే బొమ్మలట, ఖిలా వరంగల్ అమ్మాయి చేసిందట. శోభారాణి చౌరస్తాలో ఫ్లెక్సీ చూసి వచ్చి, ఆదివారం పోదామని అడిగింది. గాలికి తిరిగేవి చూడటానికి అంత దూరం ఎందుకు, దుకాణంలో కూర్చుంటే పొద్దంతా చూడవచ్చు కదా అన్నాడు వీరభద్రం. మాట చమత్కారంగా వచ్చిందని అతనికి సంతోషమేసింది. శోభారాణి మాత్రం నవ్వలేదు. ముప్ఫై ఏళ్లుగా ఆమె ఎక్కడికి పోదామన్నా అతను ఇట్లాంటి ఒక మంచి మాట చెప్పి తప్పించుకుంటున్నాడు. ఆమె చేటలో బియ్యం తెచ్చుకొని రాళ్లేరడం మొదలుపెట్టింది.

శనివారం మధ్యాహ్నం గోపాల్ దుకాణానికి వచ్చాడు. ఆ తోట బాగోగులు చూసే అధికారి అతను. ఆఫీసుకు కూలర్లు ఇక్కడే తీసుకుంటాడు కాబట్టి పరిచయం. ముఖం వాడిపోయి ఉంది. మృగశిర వస్తే గాలి ఉంటుందన్న లెక్కతో ప్రదర్శన పెట్టుకున్నారు. కార్తె వచ్చింది గానీ గాలి రాలేదు. ఒకటే ఉక్క. మూడు బొమ్మలు నిలబెడితే మూడూ పరీక్ష రాసే పిల్లల్లా కదలకుండా ఉన్నాయి. రేపు పొద్దున హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి ప్రారంభిస్తాడు.

"ఆకు కూడ కదుల్తలేదు సేటూ. కదిలే శిల్పాలని కార్డుల మీద అచ్చేసినం. ఆయనొచ్చి ఏం జూడాలె?"

"నేను చూసుకుంట, మీరు ఫికర్ జెయ్యకున్రి" అన్నాడు వీరభద్రం. అన్నాక, తాను చూసుకోవలసింది గాలి అని అతనికి అర్థమైంది.

మామూలుగా ఇట్లాంటప్పుడు అతని గుండె జారేది. ఆరోజు జారలేదు. గాలి తన సరుకే. పెళ్లి పందిళ్లకు కిరాయికిచ్చే పెద్ద ఫర్రాట ఫ్యాన్లు గోదాములో ఉన్నాయి. వాటిని చెట్ల చాటున పెట్టి, పచ్చటి షేడు నెట్టు కప్పి, బోరు మోటారు గదిలోంచి కరెంటు లాగితే సరి. ఎన్నాళ్లకు ఒక పని తన తాహతుకు తగ్గట్టు వచ్చిందని అతను పొంగిపోయాడు. బొమ్మలు చేసిన అమ్మాయికి ఈ సంగతి చెప్పాలా అని అడిగితే, ఆమెకు వేరే పనులున్నాయి, ఇప్పుడు చెప్పొద్దు అన్నాడు గోపాల్. జానీ మియా అంతా విని, ఇది బాగాలేదు అన్నాడు. అని వైరు చుట్టలు భుజానికేసుకున్నాడు.

హన్మకొండలో కూలర్ల రిపేరు ఉందని ఇళ్లలో చెప్పి, ఆదివారం తెల్లవారగానే ఇద్దరూ తోటకు చేరారు. వీరభద్రం అప్పుడు చూశాడు ఆ బొమ్మల్ని. ఒకటి రాగి రేకులతో చేసిన పెద్ద చక్రం. ఒకటి కొత్తవాడ జంపఖానాలా రంగురంగుల రేకుముక్కలు వరసలుగా వేలాడే పరదా. మూడోది అన్నిటికంటే పెద్దది: మనిషి ఎత్తుకు మించిన సన్నటి స్టీలు కడ్డీలు, ఒక్కోదాని కొనకు బరువుగా ఒక కంకి. జొన్నచేనే. అయితే ఒక్క కంకి కూడా ఊగడం లేదు. మంచి సరుకే గానీ మోటారు లేదని వీరభద్రానికి జాలి కలిగింది.

ఫ్యాన్లు క్రోటన్ల వెనక, గుబురు మందారాల వెనక కుదిరాయి. చిక్కు జొన్నచేను దగ్గర వచ్చింది. దానికి పెట్టిన పెద్ద ఫ్యాను మెడ తిప్పడం మానేసింది. గాలంతా ఒకే చోట కొడుతుంటే, చేను నడుమ కొన్ని కడ్డీలు మాత్రం ఊగి, మిగతావి వాటిని చూస్తూ నిలబడ్డాయి. బాగు చేయడానికి సమయం లేదు, గేటు దగ్గర డప్పులు మొదలయ్యాయి. మెడను చేత్తో తిప్పుతూ ఉంటే గాలి తిరిగినట్టు ఉంటుందని వీరభద్రం తేల్చాడు. కానీ అక్కడున్న పొద అతని నడుము దాకానే ఉంది. దాంతో మిగిలిన షేడు నెట్టును నెత్తిమీంచి కప్పుకొని, అందులో అక్కడక్కడా మామిడి కొమ్మలు గుచ్చుకున్నాడు. జానీ మియా అతణ్ణి చుట్టూ తిరిగి చూసి, చెట్టులా లేడని, మనిషిలా కూడా లేడని చెప్పి, మోటారు గదిలోకి వెళ్లి స్విచ్చు వేశాడు.

తోటలోకి ముందుగా డప్పులవాళ్లు, వాళ్ల వెనక పెద్ద అధికారి, ఆయన పక్కన పలచగా పొడుగ్గా ఒక అమ్మాయి వచ్చారు. ఆమే అక్షర అని, ఇవన్నీ ఆమె చేసినవేనని గోపాల్ చెప్పడం వీరభద్రానికి వినిపించింది. రాగి చక్రం తిరుగుతోంది. రంగుల పరదా గలగలమంటోంది. వీరభద్రం ఫ్యాను మెడను ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతుంటే, జొన్నచేను ఆ చివర నుంచి ఈ చివరకు వంగి లేస్తోంది. డప్పుల మోతలో ఫ్యాన్ల రొద ఎవరికీ వినిపించలేదు.

నెట్టు కన్నాల్లోంచి అతను ఆ అమ్మాయి ముఖం చూశాడు. ఆమె ముందు నమ్మలేనట్టు చూసింది. తర్వాత గాలి ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి అరచేయి పైకెత్తింది. చేతికి ఏమీ తగలకపోయినా, పెదవుల మీద నవ్వు మాత్రం ఆగలేదు. ఒక పెళ్లికి ఫ్యాన్లు పెడితే ఆ పెళ్లికూతురు కూడా ఇంత సంతోషించి ఉండదు అనుకున్నాడు వీరభద్రం. ఆ నెట్టు లోపల అతని ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

పెద్ద అధికారి రిబ్బను కోసి, బాగున్నాయని చెప్పి, ఎండకు ఎక్కువసేపు ఆగకుండా టీ కోసం ఆఫీసు వైపు నడిచాడు. అక్షర, గోపాల్ ఆయన వెంట వెళ్లారు. వెళ్తూ వెళ్తూ గోపాల్ చేత్తో, కానివ్వండి, ఆపొద్దు అని సైగ చేశాడు. అప్పుడు గేట్లు తీసి జనాన్ని వదిలారు.

చిక్కంతా అక్కణ్ణుంచే. డప్పులు ఆగిపోవడంతో ఫర్రాట ఫ్యాను రొద ఒక్కసారిగా బయటపడింది. కాలేజీ పిల్లలు కొందరు జొన్నచేను ముందు ఫొటోలు దిగుతూ, ఆ రొద ఎక్కణ్ణుంచని వెనక్కి తిరిగారు. పచ్చటి వల కప్పుకొని, ఆకులు మొలిచి, మెల్లగా అటూ ఇటూ తిరుగుతున్న ఒక ఆకారం వాళ్లకు కనిపించింది. పారిపోదామా అనుకున్నాడు వీరభద్రం. కానీ అట్లాగే బిగుసుకుపోయాడు.

ఒకమ్మాయి, అయ్యో ఆగిపోయింది అంది. ఆ గొంతులో నిజమైన నిరాశ ఉంది. ఏం చేయాలో తోచక అతను మళ్లీ తిరిగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తర్వాత జరిగిందానికి ఎవరినీ నిందించడానికి లేదని వీరభద్రమే చెబుతాడు. పొదలోంచి బయటికి వచ్చి, నేను ఫ్యాన్ల సేటును అని చెప్పడానికి అతనికి కావలసినంత సమయం దొరికింది. చెప్పలేదు. ఎందుకంటే పిల్లలు అతణ్ణి చూసి బాగుందన్నారు. మిగతా వాటికంటే ఇదే బాగుంది, ఇందులో ప్రాణం ఉన్నట్టుంది అన్నారు. పుట్టి ఇన్నేళ్లకు అతణ్ణి చూసి బాగుందన్నవాళ్లు వాళ్లే. ఆ మాట విన్నాక ఊరికే తిరగడం చాలదనిపించింది. చివరకు వచ్చినప్పుడల్లా తలను కూడా కొంచెం వంచడం మొదలుపెట్టాడు. జనం పెరిగారు. జొన్నచేను వైపు ఎవరూ చూడటం లేదు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై ఉంటాడు, చుట్టూ ఉన్నవాళ్లకు దీని అర్థం చెప్పసాగాడు. మనిషి యంత్రానికి కట్టుబడిపోయి, ప్రకృతిని ఒక ముసుగులా కప్పుకొని బతుకుతున్నాడని ఇందులోని భావమట. వీరభద్రం శ్రద్ధగా విన్నాడు. తనలో ఇంత ఉందని ఇన్నాళ్లూ తనకే తెలియలేదు.

సరిగ్గా అప్పుడే మామిడి కొమ్మల్లోని ఎర్రచీమలకు మెలకువ వచ్చింది. ఆకుల్ని కలిపి కుట్టిన గూడు ఒకటి ఆ కొమ్మల్లో ఉందని గుచ్చుకునేటప్పుడు అతను చూసుకోలేదు. మొదటి చీమ మెడ మీద కుట్టింది. ఓర్చుకున్నాడు. తర్వాతవి చొక్కాలో దిగాయి. అతను భుజం ఎగరేశాడు. నడుము తిప్పాడు. ఫ్యానును వదిలిపెట్టకుండానే ఒక కాలు ఎత్తి, దించి, ఇంకో కాలు ఎత్తాడు. జనం అబ్బురపడ్డారు. ఇప్పుడిప్పుడే వేగం అందుకుంటోందని పెద్దమనిషి చెప్పాడు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

ఆ గుంపును తోసుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు ముందుకు వచ్చారు. ఒకామె జానీ మియా భార్య జాహెదా. రెండో ఆమె శోభారాణి. మొగుళ్లిద్దరూ కూలర్ల రిపేరుకు పోయారు కాబట్టి, మనమే బొమ్మలు చూసి వద్దామని ఇద్దరూ ఆటో మాట్లాడుకొని వచ్చారు. శోభారాణి ఆ పచ్చటి ఆకారాన్ని కాసేపు నవ్వుతూ చూసింది. తర్వాత నవ్వు ఆపి, కొంచెం వంగి చూసింది. ఆ ఆకారం ఎడమ పాదంతో కుడికాలి పిక్కను గోక్కుంటోంది. ఆ గోక్కోవడాన్ని ఆమె ముప్ఫై ఏళ్లుగా చూస్తోంది.

ఆమె దగ్గరకు వచ్చి, గొంతు పెంచకుండా అడిగింది. "ఇగో, ఇంటికొస్తరా, ఈడ్నే ఉంటరా?"

"జర ఆగు శోభా, చీమలు" అన్నది శిల్పం.

ఆ తర్వాత ఎంత నవ్వు పుట్టిందంటే, మోటారు గదిలో కూర్చున్న జానీ మియా దాన్ని కేకలనుకున్నాడు. వైరు ఎక్కడో కాలి మనుషులకు షాకు కొడుతోందని భయపడి మెయిను పీకేశాడు. ఫ్యాన్ల రొద చచ్చింది. రాగి చక్రం నెమ్మదించి ఆగింది. జొన్నచేను కడసారిగా ఒకసారి ఊగి నిలబడింది. వీరభద్రం నెట్టును నెత్తిమీంచి లాగేసి, జుట్టు నిండా ఆకులతో, మెడ నిండా దద్దుర్లతో బయటపడేసరికి, నవ్వు విని ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చిన అక్షర ఎదురుగా ఉంది.

ఆమె అతణ్ణి చూసింది. ఫ్యానును చూసింది. వైరు ఎటు పోయిందో చూసుకుంటూ క్రోటన్ల దాకా నడిచి, అక్కడి ఫ్యానును కూడా చూసింది. అప్పటిదాకా నవ్విన జనం ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. గోపాల్ ఏదో చెప్పబోతే ఆమె వినలేదు. జొన్నచేను దగ్గరకు వెళ్లి, దగ్గర్నుంచి కొట్టిన గాలికి ఒంగిపోయిన రెండు కడ్డీలను చేత్తో తడిమింది.

వీరభద్రం అలవాటు ప్రకారం, నేను చూసుకుంట బిడ్డా అనబోయాడు. సగంలోనే ఆ మాట గొంతులో అడ్డం పడింది. జీవితంలో ఆ మాట అట్లా అడ్డం పడటం అదే మొదలు.

"గాలి వచ్చిందనుకున్న అంకుల్" అంది అక్షర. "పొద్దున మా అమ్మకు ఫోన్ చేసి కూడ చెప్పిన, గాలి వచ్చిందమ్మా అని."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్లకు జవాబు చెప్పడంలో అతనికి ముప్ఫై ఏళ్ల అనుభవం ఉంది, ఫ్యాను కొన్నవాళ్లంతా ఏదో ఒకరోజు తిట్టడానికే వస్తారు. ఈ మాటకు మాత్రం, పొద్దున ఆ అమ్మాయి అరచేయి పైకెత్తి నిలబడ్డ తీరు కళ్లముందు కనిపించింది. అప్పుడు తన ఛాతీ ఉబ్బడం గుర్తొచ్చి, చీమలు కుట్టిన చోట్లకంటే ఎక్కువ మండింది. తప్పైందని చెప్పాడు. గోపాల్ పిలిచాడనో, జానీ మియా వద్దనలేదనో చెప్పలేదు. అంతవరకు మాత్రం తన పేరు నిలబెట్టానని తర్వాత అనుకున్నాడు.

జనం చెదిరిపోయాక ఆమె పనిముట్ల సంచి తెచ్చి కడ్డీలు సరిచేయడానికి కూర్చుంది. వీరభద్రం ఇంటికి పోలేదు. ఏదైనా చేయనా అని అడిగితే, ఆమె తలెత్తకుండానే, ఈ కొన కదలకుండా పట్టుకుంటే చాలు అంది. పట్టుకున్నాడు. ఆమె అవతలి కొసను కొద్దికొద్దిగా వంచుతూ, ఒంటికన్ను మూసి చూస్తూ, మళ్లీ వంచుతూ ఉంది. ఇట్లా కాదు, అట్లా వంచాలని అతని నోటిదాకా చాలాసార్లు వచ్చింది. వంచడం గురించి తనకేమీ తెలియదన్న సంగతి కూడా అన్నిసార్లే గుర్తొచ్చింది. పక్కన శోభారాణి కొంగుతో అతని మెడ మీద చీమల్ని దులుపుతూ నిలబడింది. ఒకసారి అక్షర తలెత్తి ఆ ఇద్దర్నీ చూసి, ముఖం తిప్పుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి, ఏడుస్తోందేమోనని వీరభద్రం హడలిపోయాడు. నవ్వుతోంది. ఆపుకోలేక నవ్వుతోంది. ఆయన తల కూడా వంచాడని పిల్లలు చెప్పారు, ఎందుకు వంచాడని శోభారాణిని అడిగింది. మా ఆయన్ను మెచ్చుకుంటే ఆగడమ్మా అని చెప్పింది శోభారాణి.

పిల్లలు తీసిన వీడియో ఆ సాయంత్రానికే స్టేషన్ రోడ్డంతా తిరిగింది. మర్నాటికి వీరభద్రం బొమ్మ సేటు అయ్యాడు. కూలరు కొనడానికి వచ్చినవాళ్లు, ముందు ఒకసారి తిరిగి చూపించు అనేవాళ్లు. దద్దుర్లకు కొబ్బరినూనె రాసుకొని గల్లా దగ్గర కూర్చున్న వీరభద్రం, కొన్నాళ్లు సిగ్గుపడి, తర్వాత తానే ఫోను తీసి చూపించడం మొదలుపెట్టాడు. ఎర్రచీమలు దిగిన చోట వీడియో ఆపి, "ఇగ ఇక్కడ్నుంచి జూడు, అసలు కళ ఇక్కడ్నే షురువైతది" అనేవాడు. జానీ మియా మాత్రం తాను మెయిను పీకిన సంగతి వీడియోలో లేదని చాలాకాలం బాధపడ్డాడు.

ఆషాఢంలో గాలి వచ్చింది. వానకు ముందు వచ్చే తడి గాలి, దుకాణం ముందు వేలాడదీసిన అట్టల్ని తలకిందులు చేసే గాలి. ప్రదర్శన ఇంకా నడుస్తూనే ఉంది. ఒక బుధవారం పొద్దున అక్షర ఫోను చేసి, ఇయ్యాల గాలి బాగుంది అంకుల్, వచ్చి చూడండి అంది. వీరభద్రం షట్టరు సగం ఎత్తినవాడల్లా మళ్లీ దించాడు. జానీ మియాను పిలిస్తే, పని ఉంది, ఈసారి నువ్వొక్కడివే పో అన్నాడు. ఇంటికి వెళ్లి శోభారాణిని తయారవ్వమంటే, ఎవరికి బాగాలేదు, ఏ దవాఖానకు పోవాలి అని ఆమె కంగారుపడింది. బుధవారం పూట అతను తనను బయటికి తీసుకెళ్లడానికి ఆమెకు ఇంకే కారణమూ తోచలేదు. ఆ కంగారు చూసి అతను లోపల ఎంత చిన్నబోయాడంటే, ఆటోలో హన్మకొండ చేరేదాకా ఒక్క చమత్కారం కూడా ఆడలేదు.

తోటలో జనం పెద్దగా లేరు. జొన్నచేను ముందున్న బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. గాలి కాసేపు ఏమీ లేదు. తర్వాత చేను ఎడమ మూలన నాలుగు కంకులు మాత్రం, ఎవరో పిలిచినట్టు, తల తిప్పాయి. ఆగాయి. ఎక్కడో వెనక వరస కదిలింది. ఉన్నట్టుండి చేనంతా ఒక్కసారి ఒంగి, లేవబోయి, మళ్లీ ఒంగి, నడుమ ఒక దారి చీలి, ఆ దారి అటు చివర మూసుకుపోయింది. కంకులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. తర్వాత వచ్చేది ఎటునుంచి వస్తుందోనని వీరభద్రం చూస్తూ కూర్చున్నాడు. చూస్తున్నకొద్దీ, ఆ ఆదివారం తాను ఫ్యాను పట్టుకొని ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకూ తిప్పిన తీరు గుర్తొచ్చి ముఖం వేడెక్కింది. దాన్ని గాలి అనుకున్నాడు తను. గోడకు సున్నం వేసేవాడు కూడా అంతకంటే మార్చి మార్చి వేస్తాడు.

ఇక్కడ కూడా అతని నోట చమత్కారం రాకపోవడంతో శోభారాణికి అనుమానం వచ్చింది. ఏమైనా చెప్పమంది.

"ఏం జెప్పాలె శోభా. నేను అమ్మిన గాలి గిట్ల లేకుండె."

ఆమె అతని ముఖం చూసి, అతను నవ్వించడానికి అనలేదని గ్రహించి, తానే చిన్నగా నవ్వింది. తర్వాత చేను వైపు తిరిగి, ఇది మా పెద్దచెలక లాగే ఉంది అంది. ఏ చెలక అని అడిగాడు. పరకాల దగ్గర వాళ్ల నాయనకు జొన్న వేసే మెట్ట చెలక ఉండేదట. కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోతల దాకా ఆమె బడి మానేసి, మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టల్ని తోలేదట. చుట్టుపక్కల చెలకల వాళ్లు కూడా ఆమెనే పిలిచేవాళ్లట. వీరభద్రం నోరు తెరుచుకొని విన్నాడు. తన పెళ్లాం చేతిలో ఒకప్పుడు రాయీ తాడూ ఉండేవని, అవి గురి తప్పేవి కావని అతనికి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని కదా అంది ఆమె.

వడిసెల ఎట్లా తిప్పుతారని అడిగాడు. ఆమె అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, చేతిసంచి అతని ఒళ్లో పెట్టి లేచింది. కొంగు బొడ్డులో దోపుకొంది. అతని చేతిరుమాలు అడిగి తీసుకొని, రెండు కొసలూ కలిపి పట్టి, నడుమ రాయి ఉన్నట్టుగా ఒకసారి జాడించింది. కాళ్లు దూరంగా పెట్టి నిలబడింది. రుమాలు ఆమె తల మీద ఒక చుట్టు తిరిగింది, రెండో చుట్టుకు గాలిని కోస్తున్న చప్పుడు వచ్చింది. దారినపోయే ఇద్దరు ఆగి చూశారు. శోభారాణి వాళ్లను పట్టించుకోలేదు. ఒక కొస వదిలేసి, రాయి పోయిన దిక్కుకు చేయి చాచి, కళ్లు చికిలించి చూసింది.

"ఏ పిట్టనన్న తాకిందా?" అని అడిగాడు వీరభద్రం, చేతిసంచిని రెండు చేతులతో పట్టుకొని.

"పిట్టకెందుకు కొడ్తం? దాని పక్కకు కొడ్తం, లేచిపోవాలె గద" అంది శోభారాణి, రుమాలును మళ్లీ మడిచి పట్టుకుంటూ.